రైస్ మిల్లు యంత్రాలు సీజన్ మధ్యలో ఆగకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ, పెద్దపల్లి, మండపేట, తాడేపల్లిగూడెం: ఊరు ఏదైనా మిల్లర్ల బాధ ఒక్కటే. ధాన్యం దిగే రోజుల్లోనే యంత్రం మొరాయిస్తుంది. లారీలు గేటు దగ్గర ఆగిపోతాయి, సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి బియ్యంగా తిరిగి ఇవ్వడం) గడువు ముంచుకొస్తుంది. ఊక బాయిలర్, డ్రయ్యర్లు, రబ్బరు రోలు షెల్లర్లు, వైట్నర్లు, సిల్కీ పాలిషర్లు, కలర్ సార్టర్ ఉన్న మధ్యతరహా మిల్లును దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. మీ యంత్రం మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

సీజన్‌కు ముందు అన్నీ విప్పి ఓవర్‌హాల్ చేయించాం. అయినా మొదటి వారంలోనే బ్రేక్‌డౌన్లు ఎందుకు?

చాలాసార్లు విప్పినందుకే. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదికలో తేలిన సంగతి ఇది: విమాన భాగాల్లో వయసు పెరిగేకొద్దీ పాడయ్యేవి 11 శాతమే. 68 శాతం భాగాలకు బిగించిన కొత్తలోనే గండం ఎక్కువ. మిల్లు విమానం కాదు, అంకెలు అచ్చంగా సరిపోవు. కానీ విప్పి బిగించే చేతిలోనే లోపం చొరబడుతుందన్న మాట ఇక్కడా నిజమే.

అందుకే యంత్రాలను రెండు గుంపులుగా చూడండి. వడ్లు, బియ్యం, ఊక రాసుకుని అరిగేవి ఒక గుంపు: రబ్బరు రోలు, జల్లెడ, ఎమెరీ రాయి, రబ్బరు బ్రేకు, ఎలివేటర్ బకెట్. వీటిని గంటల లెక్కన, అరుగుదల లెక్కన మార్చాల్సిందే. చప్పుడు లేకుండా, వేడెక్కకుండా తిరుగుతున్న బేరింగులు, గేర్‌బాక్సులు, మోటార్లు రెండో గుంపు. వీటిని కొలవండి, వినండి, నూనె చూడండి. కారణం లేకుండా విప్పకండి.

ఒకే చోట బేరింగ్ ఏటా పోతోంది. కంపెనీ మార్చినా ఫలితం లేదు. తప్పు ఎక్కడుంది?

బేరింగ్‌లో కాదు, దాని చుట్టూ వెతకండి. పాతదాన్ని పారేయకుండా కోయించి లోపలి రింగు చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

గోళీల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా చిన్న సొట్టలు కనిపిస్తే సుత్తితో కొట్టి ఎక్కించారని అర్థం. షాఫ్టు మీద బిగువుగా కూర్చోవాల్సిన బేరింగ్‌ను బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల గుండానే పోతుంది. ఇండక్షన్ హీటర్‌తో 110 డిగ్రీల దాకా వేడి చేసి ఎక్కించండి, 120 దాటనివ్వకండి. గ్యాస్ మంట పెడితే ఉక్కు గట్టిదనం పోతుంది. రింగు బయట ఎర్రటి తుప్పు పొడి ఉంటే ఫిట్టింగ్ వదులై రింగు జరుగుతోంది. దారి పొడవునా సన్నని అడ్డ గీతలుంటే కరెంటు బేరింగ్ గుండా పోతోంది. వెల్డింగ్ ఎర్త్‌ను దూరంగా ఫ్రేముకు తగిలించినప్పుడూ, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) మీద నడిచే మోటార్లలోనూ ఇది కనిపిస్తుంది.

ఎడాప్టర్ స్లీవ్ మీద బిగించే 22212 కె లాంటి రోలర్ బేరింగుల సంగతి వేరు. ఇక్కడ లాక్ నట్‌ను చేతి అంచనాతో బిగించడమే పెద్ద పొరపాటు. బిగించకముందు ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకులు) పై రోలర్ మీద ఖాళీ కొలిచి రాసుకోండి. బిగిస్తూ మళ్లీ కొలవండి. ఈ సైజుకు ఆ ఖాళీ 0.030 నుంచి 0.040 మి.మీ. తగ్గాలి. తక్కువ తగ్గితే స్లీవ్ జారుతుంది, ఎక్కువ తగ్గితే తిరిగిన కాసేపటికే కాలిపోతుంది.

లోడు లెక్క కూడా గుర్తుంచుకోండి. బాల్ బేరింగ్ ఆయుష్షు లోడు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. బెల్టు అతిగా లాగి బేరింగ్ మీద లోడు 10 శాతం పెంచితే ఆయుష్షులో పాతిక శాతం పోయినట్టే.

గ్రీజు ఎంత పెట్టాలి? మా ఫిట్టర్ బయటికి కారేదాకా కొడతాడు.

అది ఆపించండి. అతిగా నిండిన గ్రీజులో గోళీలు దాన్ని చిలుకుతూ వేడెక్కుతాయి, సీలు తన్నుకుపోతుంది, మోటార్లో అయితే గ్రీజు వైండింగ్ మీదికి చేరుతుంది.

లెక్క సులువు: బేరింగ్ బయటి వ్యాసాన్ని వెడల్పుతో, రెండూ మిల్లీమీటర్లలో, గుణించి 0.005తో హెచ్చవేస్తే గ్రాములు వస్తాయి. 6309 నంబరు బేరింగ్‌కు వ్యాసం 100, వెడల్పు 25, కాబట్టి పన్నెండున్నర గ్రాములు. 6312కి 130, 31, కాబట్టి 20 గ్రాములు. గన్ ఒక్క నొక్కుకు ఎంత ఇస్తుందో ప్రతి గన్‌కూ తేడా ఉంటుంది. పది నొక్కులు కాగితం మీద కొట్టి, కిరాణా త్రాసు మీద తూచి, పదితో భాగించి ఆ అంకెను గన్ మీదే పెయింటుతో రాయండి. ఒక్క నొక్కుకు 1.25 గ్రాములు వస్తే 6309కి పది నొక్కులు చాలు.

పెట్టేముందు నిపుల్‌ను (గన్ తగిలించే మొనను) గుడ్డతో తుడవండి. ఊక దుమ్ములో సిలికా ఉంటుంది. తుడవని నిపుల్ గుండా ప్రతి నొక్కుకూ అది లోపలికి పోతుంది. డ్రెయిన్ ప్లగ్ ఉంటే తీసి, మోటారు తిరుగుతుండగా పెట్టి, అరగంట నడిచాక ప్లగ్ బిగించండి. కొత్త ప్లమ్మర్ బ్లాకులో (బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మె) మొదటిసారి ఖాళీ జాగాలో మూడో వంతు నుంచి సగం వరకే నింపాలి. రెండు వైపులా మూత ఉన్న బేరింగులకు గ్రీజు అక్కర్లేదు. కొన్ని మోటార్లకు నిపుల్ ఉన్నా లోపల మూసిన బేరింగే ఉంటుంది, నేమ్ ప్లేటు చూడండి.

ఏ గ్రీజు దొరికితే అది వాడొచ్చా?

వద్దు. లిథియం గ్రీజులో పాలీయూరియా గ్రీజు కలిస్తే చాలావరకు నీరుకారి బయటికి వచ్చేస్తుంది. కొత్త మోటార్లు పాలీయూరియాతో వస్తుంటాయి, షాపులో దొరికేది లిథియం. మిల్లు మొత్తానికి ఒకట్రెండు రకాలకే పరిమితమై, ఒక్కో రకానికి వేరే రంగు గన్ పెట్టండి. రకం మార్చాలంటే పాతది కడిగేసి మార్చండి. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు ఆయుష్షు సగమవుతుంది, కాబట్టి బాయిలర్ వైపు బేరింగులకు మిగతావాటికంటే త్వరగా పెట్టాలి.

షెల్లర్ రబ్బరు రోళ్లు త్వరగా అరిగిపోతున్నాయి, నూకలూ పెరిగాయి. నాసిరకం రబ్బరా?

కావచ్చు. కానీ ముందు వేగాల తేడా చూడండి. రెండు రోళ్లలో ఒకటి రెండోదానికంటే సుమారు పాతిక శాతం వేగంగా తిరుగుతుంది. ఆ తేడాతోనే ఊక ఒలుస్తుంది. వేగంగా తిరిగే రోలు ఎక్కువ అరుగుతుంది, అరిగేకొద్దీ దాని చుట్టుకొలత తగ్గి తేడా పోతుంది. ఒలుపు తగ్గడం చూసిన ఆపరేటర్ ఒత్తిడి పెంచుతాడు. దాంతో రబ్బరు వేడెక్కుతుంది, గింజ పగులుతుంది, రోలు ఇంకా వేగంగా తరుగుతుంది.

చేయాల్సింది ఒత్తిడి పెంచడం కాదు, రోళ్లను అటుదిటు మార్చడం. మార్చే పనికి గంటలు లెక్కపెట్టుకోవడం కంటే కాలిపర్‌తో రెండు రోళ్ల వ్యాసం రోజూ కొలవడం నయం. జత చేసేటప్పుడు పెద్దది వేగపు షాఫ్టు మీదికి రావాలి.

ఒక్క దాటులో 85 నుంచి 90 శాతం ఒలిస్తే చాలు. మిగిలిన వడ్లను సెపరేటర్ వెనక్కి పంపుతుంది. నూటికి నూరు ఒలవాలని పట్టుబట్టే మిల్లులో రబ్బరు ఖర్చూ, నూక శాతమూ రెండూ ఎక్కువే.

రోలు ఒక అంచున ఎక్కువ అరిగితే ఫీడ్ పొర సమంగా పడటం లేదు. ఫీడ్ రోలు, గేటు అంచు శుభ్రం చేసి, వడ్లు వెడల్పు అంతటా పల్చటి పొరగా జారుతున్నాయో లేదో టార్చి వేసి చూడండి. స్టాకు రోళ్లను బాయిలర్ గది గోడకు ఆనించి పెట్టొద్దు. వేడికి, ఎండకు రబ్బరు గట్టిపడి జారుతుంది. ముందు కొన్నవి ముందు వాడండి.

వీ బెల్టు బిగువు ఎంత ఉండాలి?

రెండు పుల్లీల మధ్య దూరం మీటరు ఉంటే, మధ్యలో నొక్కినప్పుడు బెల్టు సుమారు 16 మి.మీ. దిగాలి. ఎంత బలంతో నొక్కాలో బెల్టు కంపెనీ పట్టికలో ఉంటుంది, స్ప్రింగు గేజ్ ఖరీదు పెద్దగా ఉండదు. కొత్త బెల్టులు మొదటి ఒకటి రెండు రోజుల్లో సాగుతాయి, అప్పుడు మళ్లీ బిగించండి. నాలుగు బెల్టుల్లో ఒకటి తెగితే నాలుగూ మార్చాలి. కొత్తది పొట్టిగా ఉండి లోడంతా తనే మోస్తుంది. కడ్డీతో ఎక్కించకండి, మోటారును రైలు మీద వెనక్కి జరిపి వేయండి. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టు అడుక్కి తాకుతోందని, పుల్లీ పని అయిపోయిందని అర్థం. గాడి పక్కలు 0.8 మి.మీ. కంటే లోతుగా గుంతపడినా మార్చాలి.

బాయిలర్ ఐడీ ఫ్యాను (పొగను లాగి బయటికి పంపేది) విపరీతంగా అదురుతోంది. బ్యాలెన్సింగ్ చేయించినా నెలకే మళ్లీ మొదలు.

ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. ఇసుక కాగితంలా రెక్కలను తింటుంది, కొన్ని చోట్ల పేరుకుంటుంది. కాబట్టి బ్యాలెన్సింగ్‌కు ముందు రెక్కలు గీకి శుభ్రం చేసి చూడండి. మసి పేరుకుపోయిన రెక్కల మీద బ్యాలెన్స్ చేస్తే ఆ మసి రాలిన రోజే లెక్క తప్పుతుంది. రెక్క అంచు కత్తిలా పలచబడితే వేర్ ప్లేట్లు వేయించాలి, ఎదురెదురు రెక్కలకు సమాన బరువుతో. సైక్లోన్ కింది రోటరీ వాల్వు లీకైతే గాలి పైకి తన్ని బూడిద అంతా ఫ్యానుకే వస్తుంది. మూలం తరచుగా అక్కడే ఉంటుంది.

ఇంకోటి, దాదాపు ఎవరూ చూడనిది: వేడి వాయువు వల్ల షాఫ్టు సాగుతుంది. ఉక్కు మీటరుకు, డిగ్రీకి 0.012 మి.మీ. సాగుతుంది. మీటరు షాఫ్టు 50 డిగ్రీలు వేడెక్కితే 0.6 మి.మీ. అందుకే రెండు ప్లమ్మర్ బ్లాకుల్లో ఒకదానిలోనే లొకేటింగ్ రింగులు (బేరింగ్ పక్కలకు జరగకుండా ఆపేవి) ఉండాలి, రెండోది జరగడానికి ఖాళీగా వదలాలి. రెండింటిలోనూ రింగులు వేస్తే షాఫ్టు రెండు బేరింగులనూ పక్కలకు నెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు హాయిగా తిరిగి, గంటకు మరిగిపోయే ఫ్యానును చూస్తే ముందు ఇదే అనుమానించండి.

వైబ్రేషన్ మీటరు, టెంపరేచర్ గన్ కొనాలా? అంకెలు ఎలా చదవాలి?

కొనండి. సెన్సార్లు, క్లౌడ్ అన్నవి తర్వాత ఆలోచించొచ్చు. ప్రతి బేరింగ్ దగ్గర పెయింటు చుక్క పెట్టి, వారానికోసారి అదే చోట, అదే లోడులో అడ్డంగా, నిలువుగా, షాఫ్టు వెంట మూడు దిక్కులా కొలవండి.

ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం గట్టి పునాది మీదున్న 15 నుంచి 300 కిలోవాట్ల యంత్రానికి సెకనుకు 1.4 మి.మీ. లోపు కొత్తదానితో సమానం, 2.8 దాకా నడపొచ్చు, 4.5 దాటితే ఆపాలి. ఇనుప నిర్మాణం మీద అంతస్తుల్లో ఉన్నవాటికి ఆ హద్దులు 2.3, 4.5, 7.1. ఊగడమే పనిగా పెట్టుకున్న జల్లెడలకు, పాడీ సెపరేటర్లకు ఇవి వర్తించవు. హద్దు కంటే మార్పే ముఖ్యం: 1.2 నుంచి 2.4కు పెరిగిన ఫ్యాను, ఎప్పుడూ 2.6 ఉండే ఫ్యాను కంటే ముందు చూడదగ్గది.

అడ్డంగా ఎక్కువైతే మొదట అన్‌బ్యాలెన్స్, షాఫ్టు వెంట ఎక్కువైతే అలైన్‌మెంట్, నిలువుగా ఎక్కువైతే పునాది బోల్టులు చూడండి. 1500 ఆర్పీఎం కప్లింగ్‌కు రెండు షాఫ్టుల మధ్య పక్కతేడా 0.09 మి.మీ. మించకూడదు. అంతకంటే ముందు మోటారు నాలుగు కాళ్లూ నేలను తాకుతున్నాయో లేదో చూడాలి. ఒక్కో బోల్టు వదులు చేసినప్పుడు డయల్ గేజ్ ముల్లు 0.05 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే అక్కడ షిమ్ (పల్చటి రేకు) కావాలి.

టెంపరేచర్ గన్ మెరిసే ఇనుము మీద తప్పు చూపిస్తుంది, నిజం కంటే తక్కువ. కొలిచేచోట నల్ల పెయింటు గానీ ఇన్సులేషన్ టేపు గానీ వేయండి.

మోటార్లు తరచుగా కాలిపోతున్నాయి. లోడు ఎక్కువ కాదు.

మూడు ఫేజుల వోల్టేజీ మోటారు టెర్మినల్ దగ్గర కొలవండి. 418, 411, 401 వచ్చాయనుకోండి. సగటు 410, అత్యధిక తేడా 9, అంటే 2.2 శాతం. చిన్నగా కనిపించినా కరెంటులో తేడా దానికి 6 నుంచి 10 రెట్లు ఉంటుంది. ఒక శాతం దాటితే మోటారు లోడు తగ్గించాలి, రెండు శాతానికి 95 శాతమే మోయించాలి, ఐదు దాటితే నడపనేకూడదు. తేడా మిల్లు బయటి నుంచి వస్తోందా, లోపల వదులైన లగ్గు, మాడిన కాంటాక్టర్ వల్లా అన్నది మెయిన్ దగ్గర కొలిస్తే తేలుతుంది.

రెండోది ఊక దుమ్ము. ఫిన్నుల మధ్య నిండితే గాలి ఆడదు, వైండింగ్ 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఇన్సులేషన్ ఆయుష్షు సగం. వారానికోసారి బ్రష్షుతో దులపండి.

రీవైండింగ్‌కు ఇస్తే ముందు, తర్వాత నో లోడ్ కరెంటు కొలిచి పోల్చండి. పాత తీగను గ్యాస్ మంటతో కాల్చి తీస్తే కోరు దెబ్బతింటుంది, ఆ మోటారు ఆ తర్వాత ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

ఎలివేటర్ మాటిమాటికీ చోక్ అవుతోంది.

ఆపే క్రమం చూడండి. స్టార్టింగ్ చివరి యంత్రం నుంచి ముందుకు, ఆపడం ఫీడ్ నుంచి చివరికి. కరెంటు పోయి నిండా ఆగితే బూటు (ఎలివేటర్ అడుగు భాగం) ఖాళీ చేయకుండా స్టార్ట్ చేయొద్దు. బూటు షాఫ్టుకు స్పీడు సెన్సార్ పెట్టించి, వేగం 10 శాతం తగ్గితే బెల్లు, 20 శాతం తగ్గితే ఎలివేటరూ దానికి ఫీడ్ ఇచ్చే యంత్రమూ ఆగేలా కనెక్ట్ చేయించండి. జారే బెల్టు రాపిడితో నిప్పు పుట్టిస్తుంది. లోపల దుమ్ము ఉంటే అది పేలుడు దాకా పోవచ్చు.

కలర్ సార్టర్ ఎజెక్టర్లు త్వరగా పోతున్నాయి.

గాలిలో నీళ్లు, నూనె. రిసీవర్ డ్రెయిన్ షిఫ్టుకోసారి వదలండి, డ్రయ్యర్ పనిచేస్తోందో లేదో చూడండి, ఒత్తిడి తేడా గేజ్ ఎర్రలోకి రాకముందే ఫిల్టర్ మార్చండి. లీకులు తెలియాలంటే గాలి వాడే యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్ నడపండి. ఒకటిన్నర నిమిషం లోడులో, ఆరు నిమిషాలు అన్‌లోడులో ఉంటే 1.5ను 7.5తో భాగించండి: 20 శాతం గాలి వృథా. ఒత్తిడి అవసరానికి మించి ఒక బార్ పెంచితే కరెంటు ఖర్చు సుమారు 7 శాతం పెరుగుతుంది.

బాయిలర్ నీటి విషయంలో రోజూ ఏం చూడాలి?

సాఫ్టనర్ నుంచి వచ్చే నీటి హార్డ్‌నెస్ 5 పీపీఎం లోపు ఉందా అని టెస్ట్ కిట్‌తో షిఫ్టుకోసారి చూడాలి, ఉప్పుతో రీజనరేషన్ దాన్ని బట్టే చేయాలి. డ్రమ్ము నీటి టీడీఎస్ (కరిగిన లవణాలు) 3500 పీపీఎం దాటకుండా బ్లోడౌన్ ఇవ్వాలి, అంటే కొంత నీటిని బయటికి వదలాలి. గేజ్ గ్లాసు ప్రతి షిఫ్టూ బ్లో చేసి నీళ్లు వెంటనే తిరిగి వస్తున్నాయో చూడాలి. లో వాటర్ కటాఫ్ పనిచేస్తుందో పరీక్షించడం లైసెన్సు ఉన్న అటెండెంట్ పని, దాన్ని బైపాస్ చేయడం ఎవరి పనీ కాదు.

స్టోరులో ఏ స్పేర్లు పెట్టుకోవాలి?

ధర చూసి కాదు, రావడానికి పట్టే రోజులు, లేకపోతే ఆగే యంత్రం చూసి. ఊళ్లో గంటలో దొరికే 6205 బేరింగ్ డజను అక్కర్లేదు. ఎలివేటర్ గేర్డ్ మోటారు, ఐడీ ఫ్యాను బేరింగుల జత, సార్టర్ ఎజెక్టర్లు, ముఖ్యమైన వీఎఫ్‌డీ ఒకటి ఉండాలి. ఏడాది దాటి కరెంటు లేకుండా ఉన్న వీఎఫ్‌డీకి ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇవ్వకండి, కెపాసిటర్లను మాన్యువల్ చెప్పినట్టు మెల్లగా ఎక్కించాలి.

రిజిస్టర్ రాస్తున్నాం కానీ ఉపయోగం కనిపించడం లేదు.

"బేరింగ్ పోయింది, మార్చాం" అన్నది కారణం కాదు. ఏ యంత్రం, ఏ వైపు, ఎన్ని గంటలు నడిచింది, విప్పినప్పుడు ఏం కనిపించింది, ఎంతసేపు ఆగింది అని రాయాలి. లెక్క ఇలా: సీజన్‌లో 1200 గంటలకు షెల్లర్ ఆరుసార్లు కలిపి 18 గంటలు ఆగిందంటే, సగటున 197 గంటలకోసారి ఆగుతోంది, ఒక్కో రిపేరుకు 3 గంటలు పడుతోంది. సీజన్ చివర ఆగిన గంటలను బట్టి యంత్రాలను వరస పేర్చండి. పైనున్న రెండు మూడింటి మీదే వేసవి ఖర్చు పెట్టండి.

రిపేరుకు ముందు స్విచ్ ఆపితే సరిపోదా?

సరిపోదు. ఐసొలేటర్ ఆపి, రిపేరు చేసే మనిషి తన సొంత తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఇద్దరుంటే రెండు తాళాలు. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి తిరగడం లేదని చూడాలి. నిండిన ఎలివేటర్ కరెంటు లేకపోయినా బరువుకు వెనక్కి తిరుగుతుంది, కట్టెయ్యాలి. ధాన్యం బిన్నులోకి, నానబెట్టే ట్యాంకులోకి తాడు, బయట మనిషి లేకుండా దిగొద్దు. పులిసిన ట్యాంకులో ఆక్సిజన్ ఉండకపోవచ్చు. ఎలివేటర్ కాలు (బకెట్లు తిరిగే నిలువు గొట్టం) మీద వెల్డింగ్ చేయాలంటే ముందు లోపల దుమ్ము తీసి, తడిపి, పని అయ్యాక కూడా కాపలా ఉండాలి.

మిల్లు రెండు మూడు నెలలు ఆగితే ఏం చేయాలి?

బూట్లు, బిన్నులు, తవుడు లైన్లు పూర్తిగా ఖాళీ చేయండి. తవుడు తేమ పీల్చి గడ్డకడుతుంది, పురుగు పడుతుంది. బెల్టులు వదులు చేయండి. ప్రతి మోటారు, ఫ్యాను షాఫ్టును వారానికోసారి చేత్తో ఒకటీ పావు చుట్టు తిప్పండి, గోళీలు ఒకేచోట నిలబడి గుంత పడకుండా. బాయిలర్‌ను పొడిగానో, పూర్తిగా మందు నీటితో నింపో ఉంచాలి, సగం నీళ్లతో వదలొద్దు. మళ్లీ మొదలుపెట్టేముందు ప్రతి మోటారును 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) నిమిషం పాటు చూడండి, వీఎఫ్‌డీ తీగలు విప్పి. 5 మెగాఓముల కంటే తక్కువ వస్తే బల్బులతోనో హీటర్‌తోనో ఆరబెట్టి మళ్లీ కొలవండి. ప్యానెల్ అడుగున కేబుల్ రంధ్రాలకు గ్లాండ్లు బిగించండి, ఖాళీవి మూసేయండి. వడ్లు లేని మిల్లులో ఎలుకలు కేబుళ్ల మీదికే వస్తాయి.